ఆ మూడక్షరాలు

పదకొండు దాటింది. మా ఆయన నిద్రపోయారు. చిన్నది చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతోంది. పొద్దున్నే ఐదింటికి లేవాలి నేను, అయినా ఇది రాసి దించుకోకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

సాయంత్రం రామచంద్రపురం నుంచి పిన్ని ఫోన్ చేసింది. బాబాయి పోయి ఇవాళ్టికి ఆరో రోజు. నేను మూడో రోజు రాత్రి బస్సుకే తిరిగొచ్చేశాను, అత్తయ్యకి మోకాలు బాగా లేదు, ఆవిడని ఒక్కరినీ వదల్లేను. పెద్దకర్మ కార్డు గురించి మాట్లాడింది, వంటవాళ్ళ గురించి మాట్లాడింది, పెరట్లో సపోటా కాయలు కోసే నాథుడు లేక రాలిపోతున్నాయంది. అంతా అయ్యాక, ఇక పెట్టేస్తుందనగా, "ఏమే, మన గ్రూపులో అందరూ ఆర్, ఐ, పీ అని పెట్టారు, అదేంటమ్మా?" అంది.

పిన్ని ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది. వాట్సాప్ చూడటం పోయిన సంక్రాంతికి మనవడు నేర్పాడు. ఇప్పుడు పగలంతా వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ, రాత్రి నిద్ర పట్టక ఆ ఫోను తీసి ఒక్కొక్కటే చదువుకుంటోందట.

ఒక్క క్షణం తడబడ్డాను. "ఆయన ఆత్మకి శాంతి కలగాలని, పిన్నీ" అన్నాను. "అంత పెద్ద మాటనా?" అంది. కోపంగా కాదు, ఎత్తిపొడుపుగానూ కాదు. తెలియక అడిగింది, తెలిశాక ఆశ్చర్యపోయింది, అంతే. అదే నన్ను పట్టుకుని వదలడం లేదు.

ఫోన్ పెట్టేసి గ్రూపు తెరిచి మొదటి నుంచీ చూశాను. వరసగా అవే మూడక్షరాలు. కొందరు పెద్ద అక్షరాల్లో, కొందరు చిన్న అక్షరాల్లో, ఒకరైతే మధ్యలో ఐ మర్చిపోయి పంపేసి, దిద్దనైనా దిద్దలేదు. మా వైపు ఒకాయన, మూడేళ్ళు కాలేజీ చదువు చదివినన్నాళ్ళూ బాబాయి ఇంట్లో భోంచేసినవాడు, ఆయనా అదే పెట్టాడు. ఇంకా పైకి జరిపితే ఫిబ్రవరిలో బాబాయి పుట్టినరోజు వచ్చింది. అక్కడా అదే మనిషి, హెచ్, బీ, డీ. పుట్టినందుకు మూడక్షరాలు, పోయినందుకు మూడక్షరాలు. ఆ ఇంట్లో మూడేళ్ళు తిన్న అన్నం ఏమైపోయిందో. చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది, నిజం చెప్తున్నాను. "ఓం శాంతి" అని నేను పెట్టింది కూడా పైనున్న వాళ్ళది చూసి పెట్టిందేనన్న సంగతి కాసేపయ్యాకే గుర్తొచ్చింది.

అసలు ఆ ఆర్, ఐ, పీ సమాధి రాళ్ళ మీద చెక్కేదట. లాటిన్‌లో రిక్వియెస్కాట్ ఇన్ పాచే, శాంతిగా విశ్రమించుగాక అని. రాయి చెక్కేవాడికి ఒక్కో అక్షరమూ కష్టమే, మూడక్షరాలతో సరిపెట్టారంటే అర్థముంది. మేము బాబాయి అస్థికలు కోటిపల్లి రేవులో కలిపాం. ఆయనకి రాయీ లేదు, చెక్కడమూ లేదు. ఫోన్లో పూర్తిగా ఒక వాక్యం రాయడానికి ఎవరికి ఏం ఖర్చయింది?

ఈ కోపం ఇవాళ్టిది కాదు. ఆస్పత్రి రోజుల నుంచీ లోపల ఉంది. బాబాయి ఐసీయూలో ఉన్న నాలుగో రోజు మధ్యాహ్నం పిన్ని మనవడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అది కూడా సగం సగం. "తాతయ్య ఓకే", ఆ తర్వాత "ఇంటికి", ఆ తర్వాత వి, ఎస్, టి, ఎన్. వస్తున్నాం అని చదువుకున్నాను. ఇంకేం, గండం గడిచింది, ఇంటికి తీసుకొచ్చేస్తున్నారు అనుకున్నాను. అత్తయ్యకి చెప్పాను, ఆవిడ దేవుడి గదివైపు తిరిగి దండం పెట్టుకుంది. మా ఆయన ఆఫీసులో ఉంటే ఫోన్ చేసి మరీ చెప్పాను. రెండు గంటలు ఎంత తేలిగ్గా తిరిగానో ఇంట్లో. తర్వాత తెలిసింది, వాడు రాసింది వస్తున్నా అని. బట్టలు తెచ్చుకోవడానికి వాడొక్కడే ఇంటికి బయల్దేరాడు. తాతయ్య ఓకే అంటే నిన్నటిలాగే ఉన్నాడని.

చూడండి, తెలుగులో మనం నేను అనీ మేము అనీ ప్రతిసారీ అనక్కర్లేదు. వస్తున్నా అంటే నేను, వస్తున్నాం అంటే మేము, వస్తున్నాడు అంటే వాడు, వస్తున్నారు అంటే పెద్దవాళ్ళు. ఎవరు, ఎందరు, ఎంత మర్యాద, అడుగుతున్నామా చెప్తున్నామా, అన్నీ మాట చివరే ఉంటాయి. ఇంగ్లీషు వాడు కుదించుకున్నా చాలాసార్లు ముందు ఐ అనో వియ్ అనో మిగుల్తుంది. మనం తోక కోస్తే మనిషే పోతాడు. వచ్చాడుకీ వచ్చారుకీ మధ్య ఉన్న మర్యాద అంతా ఆ ఒక్క అక్షరంలోనే కదా, మనం కోసేది సరిగ్గా దాన్నే. పెళ్ళి మాటల్లో డాక్టరుగారిని వచ్చాడు అంటే ఊరుకుంటామా?

ఇదంతా భోజనాల దగ్గర గట్టిగానే అన్నాను. చిన్నది ఊరుకోలేదు. "అమ్మా, అక్షరాలు కుదించడం మేం కనిపెట్టామా? ఓఎంజీ, అదే ఓ మై గాడ్, 1917లోనే ఒక బ్రిటిష్ నౌకాదళ అధికారి చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో ఉంది. నువ్వు ఎమ్మెల్యే అనవా, ఏటీఎం అనవా?" అంది. ఆయన కూడా దాని వైపే. తన పద్యాల పుస్తకాల్లో కం. అంటే కందం, ఆ.వె. అంటే ఆటవెలది, తే.గీ. అంటే తేటగీతి, ఎవరూ బాధపడలేదే అన్నారు. ఆ పైన టెలిగ్రాం సంగతి ఎత్తారు. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి చావు కబురు కూడా నాలుగు మాటల్లో పంపేవాళ్ళు, పెళ్ళి శుభాకాంక్షలకైతే వాక్యాలకి నంబర్లే ఉండేవి, నంబరు చెప్తే అవతల పోస్టాఫీసువాళ్ళు ఆ వాక్యం రాసి ఇచ్చేవాళ్ళు. 2013 జులైలో ఆపేశారు దాన్ని. ఎస్సెమ్మెస్ వచ్చిన కొత్తలో ఒక మెసేజీకి ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి, తెలుగు లిపిలో రాస్తే 70కే నిండిపోయేది. ఎస్ కొట్టాలంటే ఏడో నంబరు మీట నాలుగుసార్లు నొక్కాలి. పండగ రోజున ఎస్సెమ్మెస్‌ల ప్యాక్ కూడా పనిచేసేది కాదు, ఒక్కోదానికీ డబ్బులు పోయేవి. అప్పుడు అలవాటైన చెయ్యి ఇది, అన్నారు.

సరే, అప్పుడు డబ్బులు. ఇప్పుడేంటి మరి? దీనికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

"మా రోజుల్లో ఉత్తరాలు ఎలా ఉండేవో చూపిస్తాను" అని పంతానికి అటక మీద నుంచి అమ్మ డబ్బా దింపాను. బిస్కెట్ల డబ్బా అది, మూత తుప్పు పట్టింది. లోపల ఇన్లాండ్ ఉత్తరాలు ట్వైన్ దారంతో కట్టి ఉన్నాయి. చూపిద్దామని తీశాను కదా, పై ఉత్తరం మొదటి గీతలోనే చి. అని ఉంది. చిరంజీవికి చి. దాని కింద దానిలో చి.ల.సౌ. ఇంకోదాంట్లో తాతగారికి మ.రా.శ్రీ., అంటే మహారాజశ్రీ. ఏ ఉత్తరం చూసినా సగం పలకరింపు చుక్కల మీదే నడిచింది. నేను నిండుగా ఉండేవనుకున్న ఉత్తరాలు ఇవే.

ఆ కట్టలోనే ఇంకో ఉత్తరం ఉందని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా దాన్ని తీయలేదు. ఇవాళ తీశాను.

నాన్న 1986 కార్తీకంలో పోయారు. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. నెల తిరక్కముందే పెదనాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా ఆయన అమ్మకి రాసే ప్రతి ఉత్తరం మీదా చి.ల.సౌ. అనే ఉండేది. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అన్నమాట. పోస్టుమ్యాన్ రోజూ గుమ్మంలో నిలబడి నాలుగు కబుర్లు చెప్పి వెళ్ళేవాడు, ఆ రోజు ఉత్తరం అరుగు మీద పెట్టి తలెత్తకుండా వెళ్ళిపోయాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అమ్మ తీసుకుంది. ఎప్పుడూ తలపిన్నుతో అంచు చింపి గబగబా చదివేది, ఆ రోజు చింపలేదు. చిరునామా వైపే చూస్తూ గడప మీద కూర్చుంది. తన పేరు ముందు గం.భా.స. అని ఉంది.

గంగా భాగీరథీ సమానురాలు. గంగతో సమానం అంటే ఎంత పెద్ద మాటండీ. కానీ భర్త పోయిన మనిషికి తప్ప ఇంకెవరికీ రాయరు దాన్ని. అమ్మ ఏడవలేదు. బొటనవేలు నాలిక మీద తడిచేసుకుని ఆ అక్షరాల మీద రుద్దింది. ఇంకు పెన్నుతో రాసింది కదా, అలుక్కుపోయింది. నీలం కాగితం మీద నీలం మరక. గం మాత్రం పోలేదు. మళ్ళీ తడిచేసి మళ్ళీ రుద్దింది, కాగితం నూగు లేచింది. ఆ మరక ఇప్పటికీ ఉంది, ఇందాక దీపం కింద పెట్టి చూశాను. సున్నా అలాగే కనిపిస్తోంది.

లోపల ఏం రాశారో తెలుసా? పిల్ల చదువు ఆపొద్దు, ఫీజు నేను కడతాను, మనియార్డరు చేస్తున్నాను అని. కట్టారు కూడా, డిగ్రీ అయ్యేదాకా. పెదనాన్న చెడ్డవాడు కాదు, అంత మంచి మనిషి మా వంశంలో లేడు. చెయ్యి అలవాటు కొద్దీ, పద్ధతి ప్రకారం రాయాల్సింది రాసేశారు. అక్షరానికీ అక్షరానికీ మధ్య చుక్క కూడా తప్పకుండా పెట్టారు.

ఇక్కడికి వచ్చేసరికి నా వాదన నాకే నిలబడలేదు. పూర్తి అర్థం తెలిసిన మనిషి, పద్ధతిగా రాసిన మూడక్షరాలు అమ్మని అలా చేశాయి. వి, ఎస్, టి, ఎన్ అని రాసిన పిల్లాడు ఐదు రాత్రులు ఆస్పత్రి వరండాలో పేపరు పరుచుకుని పడుకున్నాడు. మరి నేను ఎవరి మీద కోప్పడుతున్నట్టు?

అప్పుడే, తొమ్మిదిన్నరకి, పిన్ని మళ్ళీ ఫోన్ చేసింది. కార్డులో ఎవరి పేరో మర్చిపోయామని. అది చెప్పి, "41 మంది పెట్టారే, లెక్కపెట్టాను. ఇందాక నువ్వు అర్థం చెప్పావు కదా, మళ్ళీ మొదట్నుంచి చదువుకున్నాను. పేరు చూడటం, ఆయన ఆత్మకి శాంతి కలగాలి అనుకోవడం, మళ్ళీ కింద పేరు చూడటం, ఆయన ఆత్మకి శాంతి కలగాలి అనుకోవడం. 41 సార్లు అయింది. మనసుకి కొంచెం హాయిగా ఉందమ్మా" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడకి హాయిగా ఉంటే ఇక నేనెవర్ని మాట్లాడటానికి? అయినా, మీకు చెప్పాలి, నాకింకా మింగుడు పడటం లేదు. రాసేవాళ్ళు ఎగ్గొట్టిన పని 41 సార్లు ఆవిడ చేసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, ఆ పరిస్థితిలో. తమ్ముడు కూరలు తెమ్మంటే ఓకేకి బదులు కె అని పెట్టనీ, చిన్నది దాని స్నేహితులతో ఏ అక్షరాలతో మాట్లాడుకున్నా నాకనవసరం, వాళ్ళలో వాళ్ళకి తెలుసు. చదివేది ఎవరో చూసుకోవాలి కదా. పిన్ని చదువుతుందని ఆ 41 మందిలో ఒక్కరికైనా తట్టిందా? నాకు తట్టలేదు.

పడుకునే ముందు పిన్నికి తెలుగులో ఒక మెసేజ్ రాశాను, ఓం శాంతికి బదులు. బాబాయి మా కాన్వెంటు ముందు సైకిలు ఆపుకుని నిలబడే సంగతి, వేరుశనగ ఉండలు తెచ్చే సంగతి, నాకు గుర్తున్నవన్నీ. చాలా పొడుగైంది. చదువుకోవడానికి ఇంకో రాత్రి పడుతుందేమో, పట్టనీ.

ఇంతలో డీటీపీ అబ్బాయి కార్డు ప్రూఫు పంపాడు. బాబాయి పేరు ముందు కీ.శే. అని కొట్టాడు. అందరూ అలాగే వేయించుకుంటారు, చోటు కలిసొస్తుంది. "కీర్తిశేషులు అని పూర్తిగా పెట్టు బాబూ, కావాలంటే అక్షరాల సైజు తగ్గించు" అని రాశాను. అప్పటికి పదిన్నర అయింది, రేపు చూస్తాడులే అనుకుంటుండగానే జవాబొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లోనే. కె అని ఒక్కక్షరం, పక్కన చోటు వదిలి, ఏ, ఎన్, డి, ఐ, నాలుగూ రాశాడు.

కె అండి.