ఆరు నిమిషాల నడక: ఫైబ్రోమయాల్జియాతో నా అనుభవం

బెంగళూరు పీణ్యలోని ఒక చిన్న కర్మాగారంలో నేను లెక్కలు చూస్తాను. పుట్టిల్లు అనంతపురం, కాపురం జయనగర్. ప్రతి నెలా 20వ తేదీలోగా జీఎస్టీ రిటర్ను దాఖలు చేయాలి కనుక, దానికి ముందు నాలుగు రోజులు రాత్రి ఎనిమిది దాకా కుర్చీలోంచి కదలకపోవడం మాకు మామూలే. 2022 జూన్‌లో అలాంటి ఒక వారం గడిచాక మెడ దగ్గర మొదలైన సలుపు భుజాలకూ నడుముకూ తొడలకూ పాకి, అక్కడే తిష్ఠ వేసింది. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా, తెల్లవారి లేచేసరికి ఎవరో రోకలితో దంచినట్టు ఉండేది. కుక్కర్ మూత బిగించబోతే మణికట్టు వణికేది. అంతకంటే భయపెట్టిన సంగతి ఇంకొకటి: ఇన్వాయిస్ నంబరును కాగితం మీద చూసి కంప్యూటర్లో కొట్టేలోగా మరిచిపోయేదాన్ని. ఇరవై ఏళ్ళుగా అంకెలతోనే బతుకుతున్న మనిషికి అది నొప్పికంటే పెద్ద దెబ్బ.

“పని ఎక్కువైంటాదిలేమ్మా, నాలుగు దినాలు వచ్చి పండుకో” అంది అమ్మ ఫోనులో. వెళ్ళి పడుకున్నాను. పడుకున్నకొద్దీ ఒళ్ళు ఇంకా బిగుసుకుపోయింది.

ఆ తరువాత తొమ్మిది నెలల్లో ముగ్గురు డాక్టర్లను చూశాను. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఒంట్లో వాపునూ కీళ్ళవాతాన్నీ చూసే రక్తపరీక్షలు), థైరాయిడ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. విటమిన్ డి ఒక్కటి తక్కువగా ఉంటే మందు వాడి సరిచేసుకున్నాను; కొంచెం ఓపిక వచ్చింది కానీ సలుపు అలాగే ఉంది. “రిపోర్టులన్నీ బాగున్నాయి, మీకేమీ లేదు” అని ఒకాయన అన్నప్పుడు సంతోషించవలసింది పోయి, ఆ క్లినిక్ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

2023 మార్చిలో కీళ్ళవాతాల నిపుణురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక మనిషి బొమ్మ గీసి ఉన్న కాగితం ఇచ్చి, గడిచిన వారంలో ఎక్కడెక్కడ నొప్పి ఉందో గుర్తు పెట్టమన్నారు. మొత్తం 19 చోట్లు ఉంటే నేను 13 చోట్ల గుర్తు పెట్టాను. నిద్ర, అలసట, మతిమరుపు గురించి అడిగి వాటికీ మార్కులు వేశారు. ఆ తరువాత తన బొటనవేలి గోరు తెల్లబడేంత ఒత్తిడితో నా మెడ వెనకా, మోచేతుల దగ్గరా, మోకాళ్ళ లోపలి వైపూ నొక్కి చూశారు. మామూలు మనిషికి అది ఒత్తిడిగానే తెలుస్తుందట, నేనైతే కుర్చీలోంచి లేచిపోయాను. దీని పేరు ఫైబ్రోమయాల్జియా అనీ, దెబ్బ కండరంలో లేదనీ, నొప్పి కబురును మోసే నరాల వ్యవస్థే అతిగా స్పందిస్తోందనీ చెప్పారు. నాకు వినాయక చవితి పందిట్లో మైకు గుర్తొచ్చింది: పక్కవాడు గొంతు సవరించుకున్నా వీధంతా దద్దరిల్లుతుంది.

రాత్రికి ఎమిట్రిప్టిలిన్ అనే మాత్ర 10 మిల్లీగ్రాములు మొదలుపెట్టి, తరువాత 25కు పెంచారు. నోరు ఎండిపోయేది, పొద్దున మత్తుగా ఉండేది, అయినా నిద్ర కొంత నిలిచింది. నొప్పి తగ్గడంలో మాత్ర వాటా చిన్నదేనని ఆవిడ మొదటి రోజే చెప్పారు. ఐరోపా రుమటాలజీ (కీళ్ళవాతాల వైద్య) సంఘం 2016లో ఈ జబ్బుకు ఇచ్చిన సూచనలన్నింటిలోనూ బలమైన సిఫారసు దక్కింది వ్యాయామానికి ఒక్కదానికేనట.

నేను దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ ఆదివారం ఒళ్ళు కాస్త తేలిగ్గా ఉందని లాల్‌బాగ్‌కు వెళ్ళి, నలభై నిమిషాలు నడిచి, కెంపేగౌడ గోపురం ఉన్న బండ కూడా ఎక్కి, ఇంటికి వచ్చి వారం బట్టలన్నీ ఉతికి ఆరేశాను. సోమవారం బాగానే ఉన్నాను. మంగళవారం మంచం దిగలేకపోయాను. రెండు రోజుల ఎడం ఉండటంతో నడకకూ ఆ నొప్పికీ సంబంధం ఉందనే తట్టలేదు, చల్లగాలి పడలేదనుకున్నాను.

డాక్టరు చెప్పగా పెట్టిన నోటుపుస్తకం ఆ ముడి విప్పింది. లెక్కల మనిషిని కదా, తేదీ, నిద్ర, చేసిన పని, నొప్పికి పదికి ఎంత అని గళ్ళు గీసుకున్నాను. రెండు నెలలు నిండాక చూస్తే, నొప్పి ఎనిమిదికి చేరినది రిటర్ను వేసిన 20వ తేదీన కాదు, ప్రతిసారీ 22, 23 తేదీల్లో. మిగతా చెడ్డ రోజులు చాలా మటుకు మంగళ, బుధవారాలు. ఒళ్ళు బాగున్న రోజున బాకీ పనులన్నీ ఒక్కసారే తీర్చుకోవడం, ఆపైన రెండు రోజులు వడ్డీతో సహా కట్టుకోవడం: ఏడాదిగా నేను చేస్తున్నది ఇదే.

అప్పుడు ఆవిడ ఒక పని పెట్టారు. బాగా లేని రోజున కూడా చేయగలిగినంత నడక ఎంతో చూసుకుని, దానితోనే మొదలుపెట్టి, వారానికి ఒక్క నిమిషం పెంచాలి. ఒళ్ళు ఎంత హుషారుగా ఉన్నా ఆ హద్దు దాటకూడదు. నా లెక్క ఆరు నిమిషాలు తేలింది. “ఆరు నిమిషాలకు లాల్‌బాగ్ దాకా పోవాలా?” అని మా ఆయన నవ్వారు, నిజమే, మా వీధి చివరిదాకా పోయి వస్తే చాలు. మూడో నిమిషానికి ఫోనులో అలారం మోగేది, మోగిన చోటే వెనక్కి తిరిగేదాన్ని. మొదటి వారమంతా అది మూలమీద ఇస్త్రీ బండి దగ్గరే మోగేది. ఇస్త్రీ చేసే ఆయన రోజూ చూసి చూసి, “ఏమక్కా, ఏమన్నా మరిచిపోయినారా?” అని ఒకరోజు అడిగాడు. మంచి రోజున అలా తిరిగి రావడం నాకు నొప్పి భరించడంకంటే కష్టమైంది. ఇరవై అయిదు నిమిషాలకు చేరేసరికి సుమారు అయిదు నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు వెనక్కి తగ్గవలసి వచ్చింది.

నిద్ర విషయంలో చేసినవి చిన్నవే. మధ్యాహ్నం రెండు తరువాత ఫిల్టర్ కాఫీ మానేశాను. ఈ ఊళ్ళో సాయంత్రం బై-టూ కాఫీకి రానని చెప్పడం ఎంత కష్టమో ఇక్కడ ఉద్యోగం చేసేవారికి తెలుసు. పడుకోబోయే ముందు వేడినీళ్ళ స్నానం, భుజాల కింద వేడినీళ్ళ సంచి, పది నిమిషాలు శవాసనం. మాలిష్ చేసే మనిషి గట్టిగా పిసికితే మూడు రోజులు కోలుకోలేకపోయాను. అమ్మ వచ్చినప్పుడు గోరువెచ్చని నువ్వుల నూనె రాసి అరచేత్తో మెల్లగా నిమిరితే హాయిగా ఉండేది. రాగి సంగటి, అవిసెగింజలు, పసుపు పాలు ఎందరో చెప్పారు, తిన్నాను, తాగాను. నా పుస్తకంలో వాటి వల్ల ఏ అంకే మారలేదు. సంగటి ఇష్టం కనుక ఇప్పటికీ తింటున్నాను.

ప్రకృతి వైద్యం పేరుతో ఒక పొరపాటు కూడా చేశాను. తెలిసినవారు చెప్పారని, పైన ఏ చీటీ లేని డబ్బాలోని పొడిని మూడు వారాలు తేనెతో తీసుకున్నాను. నొప్పి తగ్గలేదు సరికదా, ఆకలి విపరీతంగా పెరిగి ముఖం ఉబ్బింది. డాక్టరు చూసీ చూడగానే చక్కెర పరీక్ష రాశారు; అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలుపుతుంటారనీ, ఈ జబ్బుకు స్టెరాయిడ్ పనిచేయదనీ కోప్పడ్డారు. అప్పటినుంచి దేనిలో ఏముందో రాసి లేకపోతే నోట్లో వేసుకోవడం లేదు.

ఆఫీసులో ముప్పావు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేస్తాను. రిటర్ను పనిని 12వ తేదీ నుంచే కొంచెం కొంచెంగా చేస్తున్నాను. అమ్మకాల వివరాలు ఎలాగూ 11కే వెళ్ళిపోతాయి కదా, ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదో. ఇంట్లో ఇల్లు తుడవడం, బట్టలు ఒకే రోజు పెట్టుకోను. మొన్న సంక్రాంతికి ముగ్గు సగం వేసి పిండి మా అమ్మాయి చేతికిచ్చాను. చుక్కలు తప్పేసింది, అలాగే ఉంచాం.

ఇప్పుడు నొప్పి చాలా రోజులు పదికి మూడు దగ్గర ఉంటుంది, ముసురు పట్టినప్పుడు అయిదు. మాత్ర మళ్ళీ 10కి తగ్గింది. వచ్చే నెల అది కూడా ఆపి చూద్దామన్నారు డాక్టరు. 24వ తేదీ దాటాక ఆపుదామని నేను అడిగాను, సరేనన్నారు.