సీకాయ చిగురు పులుసు

థాయిలాండ్‌లో చియాంగ్ మాయ్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఆ దేశంలోకెల్లా ఎత్తయిన కొండ దోయి ఇంతనోన్ ఎక్కి, 2,565 మీటర్ల బోర్డు పక్కన ఫోటో దిగి వెనక్కి వచ్చేస్తారు. మేం అటువైపు మే చేమ్ లోయలోకి దిగి కరెన్ అనే కొండజాతి వాళ్ళ ఊళ్ళో రెండు రాత్రులు ఉన్నాం. అక్టోబరు చివర, వరి కోతకొచ్చిన రోజులు.

మొదటి పూట కుండలో తాపోపో ఉడుకుతోంది. బియ్యంలో గుమ్మడి తీగ కొసలు, అరటి పువ్వు, మిరపకాయలు, కాస్త ఎండు మాంసం వేసి చిక్కగా జావలా చేస్తారు. పక్కనే చేపల పులుసు. ఆ పులుపు చింతపండుది కాదు, పోనీ చింతచిగురా అంటే అదీ కాదు. అడిగితే ఇంటావిడ నవ్వి, పెరటి వెనక్కి తీసుకెళ్ళి ఒక ముళ్ళ తీగ చూపించింది. సన్నసన్నటి ఆకులు, అక్కడక్కడా ఎండిన కాయలు. వాసన చూడగానే ఆదివారం తలంటు, కళ్ళమంట అన్నీ గుర్తొచ్చేశాయి... సీకాయ! మా ఇంట్లో దాన్ని తినొచ్చని ఎవరికీ తోచలేదు. ఉత్తర థాయిలాండ్‌లో ఆ కాయలు వేసిన నీళ్ళే వాళ్ళ కొత్త సంవత్సరం పండగ సాంగ్‌క్రాన్‌కి పెద్దల చేతులమీద పోస్తారు.

మర్నాడు కొండమీద పొలానికి వెళ్ళాం. చూస్తే మన ఏజెన్సీ పోడే గుర్తొస్తుంది. ఒక చెక్కలో అడవి కొట్టి, కాల్చి, ఒక్క పంట పండించి వదిలేస్తారు, ఏడెనిమిదేళ్ళకో పదేళ్ళకో అడవి మళ్ళీ కమ్ముకున్నాక తిరిగి అక్కడికే వస్తారు. విత్తేటప్పుడు మగవాళ్ళు కర్రతో గుంటలు పొడుస్తూ పోతే ఆడవాళ్ళు వెనకాలే గింజలు వేస్తారట. వరి ఒక్కటే అనుకున్నాను గానీ మధ్యమధ్యలో నువ్వులు, చేమ, మన దోసకాయల్లాంటి పసుపుపచ్చ కాయలు, ఎర్రగా కోడిజుట్టు పూలు. గట్టున పూసల్లాంటి గట్టి గింజల గడ్డి ఉంది, పెళ్ళయిన ఆడవాళ్ళ రవికలమీద వరసలుగా కుట్టేవి ఆ గింజలే. పెళ్ళికాని పిల్లలది పొడవాటి తెల్ల గౌను.

దిగేటప్పుడు జారి, కొట్టేసిన వెదురు పట్టుకుంటే అరచెయ్యి తెగింది. నాకు టెన్షన్, వెంట వచ్చిన కుర్రాడికి ఏమీ లేదు. దారి పక్క మొక్కవి నాలుగాకులు నలిపి అదిమాడు, కాసేపటికి రక్తం ఆగింది. మనం గడ్డి చామంతి పిండినట్టే. తమాషా ఏంటంటే ఆ మొక్కా, మన గడ్డి చామంతీ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు మొక్కలే. ఎక్కడి కలుపుని ఎక్కడివాళ్ళు మందు చేసుకున్నారో చూడండి.

ఊరి చివర కొన్ని చెట్లని మాత్రం ఎవరూ ముట్టుకోరు. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడు వెదురు గొట్టంలో పెట్టి చెట్టుకి కడతారు, ఆ చెట్టులో బిడ్డ ప్రాణం ఉంటుందని నమ్మకం, కొడితే బిడ్డకి జబ్బు చేస్తుందంటారు. కుర్రాడు తన చెట్టు చూపించి, మరి నీది ఎక్కడ అన్నాడు. రాత్రి సిగ్నల్ దొరికాక అమ్మకి ఫోన్ చేసి అడిగాను.

"తాయెత్తులో పెట్టి నీ మొలకి కట్టాంరా. మూడో ఏట చెరువులో పారేసుకొచ్చావు. ఇంతకీ అన్నం తిన్నావా?"