ఏమప్పా, బెయిల్ దొరికిందా?

మా అనంతపురంలో టవర్‌క్లాక్‌కు కాస్త ఇవతల ఒక బట్టల కొట్టు ఉంది. దాని వెబ్‌సైట్ పని నాది. 2011లో డొమైన్, అంటే సైట్ అడ్రసు, తీసిచ్చింది కూడా నేనే: ఓనర్ అన్న వాళ్ల నాన్న పేరు, పక్కన సిల్క్స్, డాట్ కామ్. ఏటా రెన్యువల్ తేదీ దగ్గరపడితే నేను గుర్తు చేయడం, అన్న "ఎంతప్పా ఈసారి?" అనడం, అంతే. అలాంటిది పోయినేడు ఒక పొద్దున టీ అంగడి దగ్గర నలుగురు ఆయన చుట్టూ చేరి "ఏమప్పా, బెయిల్ దొరికిందా?" అని అడిగారు.

జిల్లా పేజీలో వార్త పడింది మరి. "డొమైన్ చోరీ: అంతర్జాతీయ కోర్టుకు అనంత వ్యాపారి" అని హెడ్డింగ్, పక్కన ముసుగేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి బొమ్మ. అన్నకు ఈమెయిల్ పాస్‌వర్డ్ కావాలంటే నాకే ఫోన్ చేస్తాడు, అలాంటాయన హ్యాకర్ అయిపోయాడు.

జరిగింది ఇదీ. వేరే రాష్ట్రంలో అదే పేరుతో 2016లో మొదలైన ఒక పెద్ద దుకాణం ట్రేడ్‌మార్క్ తీసుకుని, ఈ డొమైన్ మాకు ఇప్పించండి అని జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థకు ఫిర్యాదు పెట్టింది. అది ఐక్యరాజ్యసమితి సంస్థే, కాదనను. కానీ కోర్టు కాదు. తీర్పు కూడా ఆ సంస్థ చెప్పదు, తన జాబితాలోంచి ఒకరినో ముగ్గురినో ప్యానెల్‌గా నియమిస్తుంది, వాళ్లు కాగితాలు చూసి చెప్తారు. ఒక్కరే చూసే కేసుకు, ఐదు డొమైన్ల వరకు అయితే, ఫిర్యాదు చేసినవాళ్లు కట్టాల్సింది 1500 డాలర్లు. మనకు జవాబు ఇవ్వడానికి 20 రోజులు. ఇదంతా 1999లో డొమైన్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ (ICANN) అనే సంస్థ పెట్టిన విధానం, డొమైన్ తీసుకునేటప్పుడు చదవకుండా టిక్ కొట్టేస్తామే, ఆ షరతుల్లోనే ఉంటుంది. అవతలివాళ్లు గెలిస్తే పేరు వాళ్లకు బదిలీ అవుతుంది, లేదా రద్దవుతుంది. జరిమానా లేదు, నష్టపరిహారం లేదు, ఇక బెయిల్ ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఓడినా పది పనిదినాల్లోపు కోర్టులో దావా వేస్తే బదిలీ ఆగుతుంది.

నాకు ఒళ్లు మండి ఆ విలేకరికి ఫోన్ చేశాను. మంచి పిల్లోడే. "నేను ఫిర్యాదు వచ్చిందనే రాసినాను అన్నా, చోరీ అనేది డెస్క్‌లో పెట్టినారు" అన్నాడు. సరే, మరి "దురుద్దేశంతో పేరు కాజేసి" అని లోపల ఉందే, అదెక్కడిదంటే ఫిర్యాదులో ఉందన్నాడు. ఫిర్యాదు ఆయనకెలా చేరిందో అడిగితే అవతలి దుకాణం వాళ్లే వాట్సాప్‌లో పంపారట.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఈ ఫిర్యాదు నెగ్గాలంటే మూడు రుజువు చేయాలి: డొమైన్ తమ ట్రేడ్‌మార్క్‌లాగే ఉందని, అవతలి మనిషికి ఆ పేరు మీద న్యాయమైన హక్కు లేదని, దాన్ని దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి దురుద్దేశంతోనే వాడుతున్నాడని. కాబట్టి ఆ మాట ప్రతి ఫిర్యాదులోనూ ఉంటుంది, విడాకుల పిటిషన్‌లో క్రూరత్వం ఉన్నట్టు. దాన్ని తెలుగు చేసి, అన్నారు, ఆరోపించారు అనే ముక్కలు కూడా తీసేసి వేస్తే చదివేవాడికి అది తేలిపోయిన నిజంలాగే కనిపిస్తుంది. 2016లో పుట్టిన దుకాణం పేరును 2011లోనే కాజేయడం ఎలా కుదురుతుందని డెస్క్‌లో ఒక్కరికీ అనుమానం రాకపోవడం ఇంకో వింత.

పెద్ద వార్తలకూ ఇదే గతి. 2024లో జియోహాట్‌స్టార్ డొమైన్ గొడవ వచ్చినప్పుడు, దాన్ని ముందే తీసుకున్న ఢిల్లీ కుర్రాడు నా చదువుకు డబ్బులివ్వండి అని ఆ సైట్‌లోనే బహిరంగంగా ఉత్తరం పెట్టాడు. మా గ్రూపుల్లో తిరిగింది మాత్రం "అంబానీ సైట్ హ్యాక్" అని. ఖాళీగా ఉన్న పేరును డబ్బు కట్టి తీసుకోవడం హ్యాక్ ఎట్లయితుంది సామీ? అతను చేసింది న్యాయమని నేననను, జియో, హాట్‌స్టార్ విలీనం జరుగుతుందని ఊహించే తీసుకున్నానని తనే రాసుకున్నాడు, అలాంటివాడికి ప్యానెల్ ముందు గెలుపు కష్టమే. కానీ అందరూ అలా ఓడిపోరు. 2000లో మడోన్నా తన పేరు డొమైన్ గెలుచుకుంది, అదే ఏడాది గాయకుడు స్టింగ్ ఓడిపోయాడు, ఎందుకంటే స్టింగ్ అనేది ఇంగ్లీషులో మామూలు మాట కూడా.

మాది మేమే గెలిచాం. పాత రెన్యువల్ బిల్లులు, నాన్నగారి పేరున్న పాత షాపు బోర్డు ఫోటో, ఆయన ఆధార్ కార్డు, అన్నీ స్కాన్ చేసి జవాబు పంపాం. ఫిర్యాదు కొట్టేశారు. ఆ కాపీ విలేకరికి పంపితే నీలం టిక్కులు పడ్డాయి, వార్త మాత్రం పడలేదు.

దసరాకు అదే పత్రిక నుంచి ప్రకటన కావాలని ఫోన్ వచ్చింది. వద్దన్నా అని నేనెంత చెప్పినా వినకుండా అన్న క్వార్టర్ పేజీ ఇచ్చాడు, వెబ్‌సైట్ పేరు పెద్ద అక్షరాల్లో వేయాలని మరీ మరీ చెప్పాడు. వేశారు. డాట్ కామ్ బదులు డాట్ ఇన్ అని. ఆ పొద్దున టీ కూడా తాగకుండా లాప్‌టాప్ తీసి ముందు డాట్ ఇన్ కూడా రిజిస్టర్ చేసేశాను.