పక్కూరి బాంబు

ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ సంగీత పండగకి 2024లో టికెట్ 355 పౌండ్లు, పైన బుకింగ్ ఫీజు ఇంకో 5. మన డబ్బుల్లో ముప్పై ఏడు వేల పైమాటే. ఎన్నేళ్లు ఇక్కడున్నా ఆ లెక్క వేసుకోవడం మాత్రం పోదు. అంత పెట్టి గ్లాస్టన్‌బరీకి వెళ్తే గడ్డిలో పడక, దొడ్డికి క్యూ, ప్లేటు నూడుల్స్‌కి 12 పౌండ్లు. "జాతరకెళ్తే పులిహోరైనా ఊరికే పెడతారు కదరా" అని మావాడి సణుగుడు. 2024 జూన్‌లో వానల్లేవు కాబట్టి బురద తప్పింది, దుమ్ము తప్పలేదు.

మేముండే రెడింగ్‌లో రైలెక్కి కాజిల్ కేరీలో దిగితే షటిల్ బస్సు ఉంటుంది. కోల్డ్‌ప్లే బ్యాండ్ కోసం వెళ్ళాం. బాగానే పాడారు.

శుక్రవారం సాయంత్రం ప్రధాన వేదికైన పిరమిడ్ స్టేజీ మీదికి ప్రదర్శన కళాకారిణి మరీనా అబ్రమోవిచ్ వచ్చి, ప్రపంచశాంతి కోసం ఏడు నిమిషాలు మౌనంగా ఉండమంది. చేతులు చాపితే ఆమె తెల్లగౌనే శాంతి గుర్తులా విచ్చుకుంది. ఇంత తాగిన జనం నోరు మూస్తారా అనుకున్నా. మూశారు. మావాడైతే నాలుగో నిమిషంలో టైమెంతైందని సైగ చేశాడు.

ఆ గుర్తు ఈ స్టేజీకి కొత్తేమీ కాదు. 1970లో పౌండు టికెట్టుకి పాలు ఉచితంగా ఇచ్చి ఈ పండగ మొదలుపెట్టిన పాడిరైతు మైకేల్ ఈవిస్, 1981లో దీన్ని అణునిరాయుధీకరణ ఉద్యమం సీఎన్‌డీ పేరు మీద జరిపి, లాభం వాళ్ళకే ఇచ్చాడు. న్యూబరీ పక్కన గ్రీనమ్ కామన్ వైమానిక స్థావరానికి అమెరికా క్రూయిజ్ క్షిపణులు రాబోతున్నాయని జనం మండిపడుతున్న రోజులవి. పిరమిడ్ నెత్తిన అప్పుడు ఇదే గుర్తు. అప్పట్లో పండగ లేనప్పుడు ఆ స్టేజీ పశువుల కొట్టం. ఇప్పుడా గుర్తు చెవిపోగుల మీద మెరుస్తోంది. పెట్టుకున్నవాళ్ళలో ఎంతమందికి దాని సంగతి తెలుసో అని నాకు అనుమానమే.

పండగలోనే గ్రీన్ ఫీల్డ్స్ అనే చోట, అణ్వాయుధాలు వద్దనేవాళ్ళది ఒక చిన్న టెంటు. సంతకాల కాగితాలు గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టారు. బిస్కెట్ డబ్బా నిండా బ్యాడ్జీలు. అరటిపండు తింటున్న పెద్దావిడ ఎక్కణ్ణుంచని అడిగింది. రెడింగ్ అన్నాను.

"అయితే ఆల్డర్‌మాస్టన్ మీ పక్కూరేగా!"

పక్కూరే. పది మైళ్ళు. బ్రిటన్ అణు వార్‌హెడ్ల పని అక్కడే జరుగుతుంది. 1958 ఈస్టర్‌కి అణ్వాయుధాలు వద్దంటూ లండన్ నుంచి జనం నడుచుకుంటూ వెళ్ళింది అక్కడికే, ఆ గుర్తు మొదటిసారి కనబడింది ఆ నడకలోనే. మా రెడింగ్ తెలుగు వాట్సాప్ గ్రూపులో స్కూళ్ళ గురించి, ఇళ్ళ ధరల గురించి, ఎలిజబెత్ లైన్ రైళ్ళ గురించి రోజంతా చర్చే. బాంబుల ఫ్యాక్టరీ మాట మాత్రం ఒక్కరూ ఎత్తరు. ఇళ్ళ ధరలు పడిపోతాయని కాబోలు.

క్షిపణులు వద్దని గ్రీనమ్ కంచె బయట చలికాలం గడిపానని చెప్పి, "మీ దేశం దగ్గరా ఉన్నాయిగా?" అందావిడ.

1998 మే గుర్తొచ్చింది. వేసవి సెలవులు. పోఖ్రాన్‌లో పేల్చారని తెనాలిలో మా బాబాయి వీధంతా లడ్డూలు పంచాడు, మేం టపాసులు కాల్చాం. నెల తిరక్కముందే పాకిస్తానూ పేల్చింది. ఆ రోజు బాబాయి టీవీ కట్టేసి డాబా మీద కూర్చున్నాడు.

నేనేమీ అనకముందే మావాడికి పౌరుషం వచ్చింది. "మీరు మాత్రం పెట్టుకుని మమ్మల్ని వద్దంటారా?"

ఆవిడ తొణకలేదు. "నిజమే. అందుకే ముందు మా ప్రభుత్వాన్నే అడుగుతున్నాను" అని కాగితం ముందుకు జరిపింది. అణ్వాయుధాల నిషేధానికి ఐక్యరాజ్యసమితిలో 2017లో ఒప్పందం కుదిరింది, 2021లో అమల్లోకి వచ్చింది, బ్రిటన్ దాంట్లో చేరాలి అన్నది వాళ్ళ డిమాండు. ఇండియా కూడా చేరలేదు.

నేను సంతకం పెట్టాను. మావాడు పెన్ను పట్టుకుని తెలుగులో, "వీసాకేమైనా టెన్షనా?" అన్నాడు. వాడికి ఐఎల్‌ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఇంకా రాలేదు. చివరికి పెన్ను అక్కడే పెట్టేసి, రెండు పౌండ్లిచ్చి ఒక బ్యాడ్జీ కొన్నాడు. బ్యాగుకి లోపలివైపు పెట్టుకున్నాడు.