ఫుట్‌పాత్ అన్నందుకు

ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ కౌన్సిల్ రోడ్ల విభాగంలో పనిచేస్తున్నాను. బస్టాప్ ఎదుట ఫుట్‌పాత్ పలకలు లేచిపోయాయని, పెద్దవాళ్లు కాలు తట్టుకుని పడుతున్నారని ఈమధ్య ఒక రిపోర్టు రాశాను. మా పై అధికారి దాన్ని అందరి ముందూ చదివి, “ఫుట్‌పాత్ ఉండేది పొలాల్లో, బస్టాప్ దగ్గర కాదు. ముందు ఇంగ్లిష్ సరిగ్గా నేర్చుకోవాలి” అన్నాడు. పడిపోతున్న మనుషుల సంగతి పక్కకు పోయింది. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు.

రోడ్డు పక్కన నడిచే చోటును మనం ఫుట్‌పాత్ అనే అంటాం. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల్లోనూ అదే మాట ఉంది. ఆస్ట్రేలియాలో, న్యూజీలాండ్‌లో, వీళ్ల పక్కనే ఉన్న ఐర్లండ్‌లో కూడా అంతే. ఇక్కడి జనం పేవ్‌మెంట్ అంటారు. అమెరికాలో పేవ్‌మెంట్ అంటే బండ్లు తిరిగే రోడ్డు ఉపరితలం, నడిచేది సైడ్‌వాక్ మీద. ఇన్ని దేశాల్లో ఇన్ని రకాలుగా ఉన్నప్పుడు, నేను రాసింది ఇంగ్లిష్ రాక రాసిన మాట ఎలా అవుతుంది? ఆయన ఆ రెండో వాక్యం అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

మొదటి వాక్యం మాత్రం నన్ను వదల్లేదు. 1980 నాటి హైవేస్ యాక్ట్ తీసి చదివాను. అందులో రోడ్డును ఆనుకుని ఉండే నడకదారి పేరు ఫుట్‌వే. ఫుట్‌పాత్ అంటే అలా రోడ్డులో భాగం కాకుండా, కాలినడకకు మాత్రమే హక్కు ఉన్న దారి. అది ఎవరి పొలం మధ్య నుంచైనా పోవచ్చు. పొలం రైతుదే అయినా దారి అందరిదీ. 1949 నాటి మరో చట్టం ప్రకారం కౌన్సిళ్లు ఇలాంటి దారులను పటాల మీదికి ఎక్కించాయి. పటంలో ఉన్న దారిని రైతు తనంతట తాను మూసేయలేడు, పక్కకు జరపలేడు. పొలానికి అడ్డంగా పోయే దారిని దున్నుకోవచ్చు గానీ, విత్తడానికి దున్నిన 14 రోజుల్లో కనీసం మీటరు వెడల్పున మళ్లీ నడిచేలా చేయాలి. ఆ తర్వాత పైరు దాని మీదికి రాకుండా చూసే బాధ్యత కూడా ఆయనదే. దారి ఎటు పోతుందో చెప్పే పసుపు బాణం గుర్తు కంచె గుంజ మీద ఉంటుంది. నీలం బాణం ఉంటే అది బ్రైడిల్‌వే, అంటే గుర్రాలకూ హక్కు ఉన్నట్టు. 1968 నుంచి సైకిళ్లు కూడా దాని మీద పోవచ్చు, కాకపోతే నడిచేవాళ్లకు దారి ఇవ్వాలి. కాలువ వెంట ఉండేది టోపాత్. ఒకప్పుడు గుర్రాలు పడవలను లాగుతూ నడిచిన దారి అది.

ఇదంతా వీళ్లకు ఊరికే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీద నడిచే హక్కు కోసం వందల మంది యువకులు కాపలాదార్లను కాదని ఎక్కారు. కొందరు జైలుకు కూడా వెళ్లారు.

చదువుతున్నంతసేపూ మన డొంకలూ పుంతలే గుర్తొచ్చాయి. మనకు దారులు లేక కాదు, పేర్లు లేక అసలే కాదు. గ్రామ పటంలో గీతగా ఉన్న డొంక, నేల మీద చాలాచోట్ల పక్క పొలంలో కలిసిపోయింది. అడిగితే గొడవ. ఇక్కడ ఒక్క నడిచేవాడు ఫోన్ చేసి ఫలానా ఫుట్‌పాత్‌కు అడ్డంగా కంచె వేశారంటే మా ఆఫీసులో ఫైలు తెరుస్తారు. అసూయగా ఉంటుంది.

ఇప్పుడు రిపోర్టుల్లో ఫుట్‌వే అనే రాస్తున్నాను. ఫోన్ చేసేవాళ్లలో ఇక్కడే పుట్టినవాళ్లు కూడా రెండింటినీ “పాత్” అనేస్తారు. వాళ్ల ఇంగ్లిష్‌ను ఎవరూ తప్పుపట్టరు. “రోడ్డు పక్కదా, పొలంలోదా?” అని నేనే అడిగి రాసుకుంటాను. మా విభాగంలో కొత్తగా చేరిన కేరళ అబ్బాయి కూడా బస్టాప్ దగ్గర ఫుట్‌పాత్ అనే రాశాడు. పక్కకు పిలిచి చట్టంలో తేడా ఏమిటో చూపించాను. అతని ఇంగ్లిష్ గురించి ఏమీ అనలేదు.