కాలిన చుక్క

బుధవారం, రాత్రి 11

పొద్దున ల్యాబ్‌కి వెళ్ళేసరికి లేజర్ బుద్ధిగా ఉంది. అదే నమ్మబుద్ధి కాలేదు. మామూలుగా ఏసీ కాస్త అటూ ఇటూ అయినా బీమ్ జరిగిపోతుంది, అద్దాలు సర్దుకునేసరికే మధ్యాహ్నం. ఇవాళ తొమ్మిదిన్నరకే కాగితం మీద నీలం చుక్క పడింది.

ఎన్నిసార్లు చూసినా నాకు ఆ చుక్క ముచ్చటే. లోపలికి పంపేది 1.3 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనబడదు. దారిలో గోరంత మెగ్నీషియం ఆక్సైడ్ క్రిస్టల్, 0.2 మిల్లీమీటర్ల మందం. తరంగదైర్ఘ్యం మూడో వంతుకు తగ్గి, అటువైపు నీలంగా తేలుతుంది. ఐదో వంతుది అతినీలలోహితం, వెలుగుని రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్‌కే తెలుస్తుంది. తొమ్మిదో వంతుదైతే గాలే మింగేస్తుంది, దానికి వాక్యూమ్ ఛాంబర్ కావాలి.

పదకొండింటికి కక్కుర్తి పడ్డాను. ఐదో హార్మోనిక్, అంటే ఆ ఐదో వంతు వెలుగు, పీలగా ఉందని పవర్ కొంచెం పెంచా. బలపడింది. ఇంకొంచెం. ఇంకా బలపడింది. మరొక్క పిసరు అనుకున్నానో లేదో, స్క్రీన్ మీద గీత చప్పున కూలిపోయింది. క్రిస్టల్ తీసి మైక్రోస్కోప్ కింద పెడితే తెల్లటి గుంట, చుట్టూ సన్నటి పగుళ్ళు.

"ఎంత పెంచావ్?" అంది అక్క, నా సీనియర్.

"కొంచెమే అక్కా."

"కొంచెం అంటే ఎంతో రాసుకున్నావా?"

రాసుకోలేదు.

ఇదే పని క్రిస్టల్ బదులు గ్యాస్‌తో చేసేవాళ్ళకి ఈ బాధ లేదు. చెదిరిన అణువులు పోతే వెనకే కొత్తవి వస్తాయి. 1980ల చివర్లో భౌతిక శాస్త్రవేత్త ఆన్ లుయిలియే లాంటివాళ్ళు మొదలుపెట్టింది గ్యాస్‌లోనే. ఆ దారే అటోసెకండ్ (సెకండులో వంద కోట్లో వంతు, అందులో మళ్ళీ వంద కోట్లో వంతు) పల్సుల దాకా వెళ్ళి 2023లో నోబెల్ తెచ్చింది. 2011లో జింక్ ఆక్సైడ్ క్రిస్టల్ నుంచీ ఇలా పెద్ద హార్మోనిక్స్ రాబట్టి చూపించారు. గ్యాస్‌కి కావాల్సినంత తీవ్రత దీనికి అక్కర్లేదు. అక్కర్లేదన్నది నిజమే, కానీ ఆశకి అడ్డేముంది?

అయినా నేను క్రిస్టల్ పక్షమే. లేజర్ అల ఒక్కసారి ఊగడానికి 4.3 ఫెమ్టోసెకండ్లు, అంటే 4,300 అటోసెకండ్లు. ఆ ఒక్క ఊపులో రెండుసార్లు ఎలక్ట్రాన్‌ని దాని చోటు నుంచి పెరికి, అటూ ఇటూ పరుగెత్తిస్తుంది. తను వదిలొచ్చిన ఖాళీని మళ్ళీ కలిసినప్పుడు చిన్న మెరుపు. ఆ మెరుపు ఊపులో చిన్న ముక్కంతసేపే ఉంటుంది, అందుకే దాన్ని అటోసెకండ్లలో కొలవాలి. గ్యాస్‌లో ఎలక్ట్రాన్ పరుగెత్తేది ఖాళీలోకి. ఇక్కడ చుట్టూ అణువుల వరసలున్నాయి. ఏ వరస వెంట పరుగెత్తిందన్నది వెలుగులో కనబడుతుంది.

భోజనం అయ్యాక పవర్ తగ్గించి, గుంటకి అర మిల్లీమీటరు పక్కన బీమ్ పెట్టి, క్రిస్టల్‌ని రెండేసి డిగ్రీలు తిప్పుతూ కూర్చున్నా. ఈసారి ప్రతి అంకే రాసుకున్నాను, అక్క చూసేలా. ఆరింటికి గ్రాఫ్ గీస్తే తొంభై డిగ్రీలకొకటి చొప్పున నాలుగు రేకులు. ఆ క్రిస్టల్ అణువుల అమరిక అచ్చంగా అలాగే నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది.

ఒక రేకు మాత్రం పొట్టిగా వచ్చింది. కాసేపు ఏదో కొత్త విషయం దొరికిందని పొంగిపోయా కూడా. తీరా చూస్తే, క్రిస్టల్‌ని తిప్పే స్టేజ్ ఇరుసు బీమ్‌తో సరిగ్గా కలవలేదు. తిరిగినప్పుడు చుక్క కొంచెం కొంచెం జరిగి, ఆ మూలకొచ్చేసరికి పగులు మీద పడుతోంది. నా పగులే.

రేపు రెండు మిల్లీమీటర్లు దూరం జరిపి మళ్ళీ మొదటి నుంచి.