సీసాలో మిగిలిన నీళ్లు

బరువు తగ్గాలని నిశ్చయించుకున్న నాటి నుంచి తిండి మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా నీళ్ల మీద పెట్టలేదన్న సంగతి, మొన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లెక్కుతూ కళ్లు తిరిగి గోడ పట్టుకున్నప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు. పొద్దున నింపుకున్న లీటరు సీసా సంచిలో ముప్పాతిక వంతు అలాగే ఉంది. రోజంతా ఏసీ గదిలో కూర్చుంటే దాహమే గుర్తుకు రాదు మరి. ఇరానీ చాయ్ మాత్రం మూడు కప్పులు తాగాను. చెంచాడు చక్కెరకే సుమారు 16 కేలరీలు, పైగా చిక్కటి పాలు కనుక, నేను తగ్గించిన అన్నం మరో దారిలో కడుపులోకి చేరుతూనే ఉందన్నమాట.

నీళ్లు కొవ్వును కరిగిస్తాయని చెప్పే వాట్సాప్ సందేశాలను నేను నమ్మను. అయితే భోజనానికి అరగంట ముందు రెండు గ్లాసులు తాగిన రోజున, రెండోసారి అన్నం వడ్డించుకోవాలన్న ఆశ నాలో స్పష్టంగా తగ్గుతోంది. కొద్ది సమయంలోనే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, సీసాను బల్ల మీద కంటికెదురుగా పెట్టుకుని గుక్క గుక్కగా తాగుతూ, మధ్యాహ్నానికి ఒకసారి, ఇంటికి బయల్దేరేలోగా మరోసారి ఖాళీ చేస్తున్నాను. మూడో చాయ్ మాత్రం ఇంకా మానలేదు.